రియాక్టివ్ రిపోర్టు ఇచ్చేశాక ల్యాబ్ పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక బస్తీని ఆనుకుని ఉన్న చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు చేసే వైరల్ మార్కర్స్‌లోనో (రక్తంలో వైరస్‌ల జాడ చూసే పరీక్షలు), జ్వరమని వస్తే డాక్టర్ రాసిన పరీక్షల్లోనో ఇరవై, ముప్పై ఏళ్ల కుర్రాళ్లకు కాలేయానికి సోకే హెపటైటిస్ సి వైరస్ కార్డు పరీక్ష రియాక్టివ్‌గా, అంటే పాజిటివ్‌గా, రావడం ఈమధ్య చూస్తున్నాను. వాళ్లలో కొందరి చేతుల మీద సూది మచ్చలు ఉంటాయి. రిపోర్టు కవరులో పెట్టి ఇస్తే తీసుకుని వెళ్లిపోతారు, మళ్లీ కనబడరు. ఒకతను ఆస్పత్రికి వెళితే "ముందు మత్తు మానేసి, ఆరు నెలలయ్యాక రా" అన్నారట. ఇంకొకతను కోర్సు మొత్తం వాడి, నయమైందని డాక్టర్ చెప్పినా అనుమానం తీరక మా దగ్గర కార్డు పరీక్ష చేయించుకుంటే మళ్లీ రియాక్టివ్ వచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. మరొకరి తల్లి వచ్చి "మా వాడికి ఏం రోగమమ్మా, నాకైనా చెప్పు" అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఇలాంటివాళ్ల వివరాలు పోలీసులకు ఇవ్వాలేమోనని మా యజమాని అంటున్నారు. టెక్నీషియన్‌గా నేను చేయగలిగింది ఏమైనా ఉందా? వాళ్ల రక్తం తీసేటప్పుడు నాకే సూది గుచ్చుకుంటే నా పరిస్థితి ఏమిటి?
— పేరు, ప్రాంతం ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందుగా ఆ ఏడ్చిన కుర్రాడి సంగతి తీసుకుంటాను, ఎందుకంటే అది అర్థమైతే మీ మిగతా ప్రశ్నలు సగం విడిపోతాయి. మీరు చేసే కార్డు పరీక్ష గానీ, పెద్ద ల్యాబ్‌లలో చేసే ఎలైసా గానీ వైరస్‌ను వెతకదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతుకుతుంది. వైరస్ పూర్తిగా పోయిన తర్వాత కూడా ఆ యాంటీబాడీలు ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం, రక్తంలో ఉండిపోతాయి కాబట్టి, నయమైన మనిషికి కూడా కార్డు రియాక్టివ్‌గానే వస్తుంది. అతనికి చేయవలసినది ఆర్ఎన్ఏ పరీక్ష, అంటే అందరూ వైరల్ లోడ్ అంటున్నది. మందులు ముగిసిన 12 వారాలకు ఆ పరీక్షలో వైరస్ కనబడకపోతే నయమైనట్టు లెక్క. అతను తన ఫోన్ నంబరు స్వయంగా ఇచ్చి ఉంటే, వేరెవరూ ఎత్తలేదని నిర్ధారించుకుని, ఈ ఒక్క ముక్క అతనికి చెప్పండి. నయమైనవాడు నయం కాలేదనుకుని "ఎలాగూ పోయేదే కదా" అని పాత అలవాటులోకి జారిపోవడం నేను ఎరుగుదును.

ఇదే విషయం కొత్తవాళ్లకూ వర్తిస్తుంది. తొలిసారి రియాక్టివ్ వచ్చిన కుర్రాడి ఒంట్లో ఇప్పుడు వైరస్ ఉన్నదని మీ కార్డు చెప్పడం లేదు, ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ప్రకారం ఈ వైరస్ సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి ఏ మందూ అవసరం లేకుండానే ఆరు నెలల్లోపు అది పోతుంది. తక్కినవారిలో తిష్ఠ వేస్తుంది. అలా తిష్ఠ వేసినవారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఈ ఏళ్లలో చాలా భాగం మనిషి బాగానే తిరుగుతుంటాడు, పని చేసుకుంటుంటాడు, కళ్లు పచ్చబడవు, కడుపు ఉబ్బదు, అందుకే డాక్టర్ దగ్గరకు వెళ్లాలన్న తొందర కూడా పుట్టదు. మరో సంగతి, వైరస్ ఒంట్లో చేరిన ఒకటి రెండు వారాలకే ఆర్ఎన్ఏ పరీక్షలో తెలుస్తుంది గానీ, కార్డులో తెలియడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. నిన్నమొన్న సిరంజి పంచుకున్నవాడికి కార్డు నాన్‌రియాక్టివ్ వచ్చిందంటే గండం గడిచిందని అర్థం కాదు. మళ్లీ రమ్మని చెప్పవలసిన మనిషి అతను.

ఇప్పుడు మీ దగ్గర రిపోర్టు తీసుకున్న కుర్రాడు ఆ తర్వాత ఏమేం చేయాలో ఒక్కసారి అతని కాళ్లతో నడిచి చూడండి. రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఆయన వైరల్ లోడ్ రాస్తే మరో ల్యాబ్‌కు వెళ్లాలి, బయటైతే కొన్ని వేల రూపాయలు పెట్టాలి. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు ఆగాలి. దాన్ని తీసుకుని పెద్దాసుపత్రిలో ఉదయమే ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడాలి. అక్కడ కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, స్కానింగ్ రాస్తారు, అవి వేరే రోజు, వేరే కిటికీ. అన్నీ అయ్యాక మందు. మత్తుకు అలవాటుపడిన శరీరం మోతాదు అందని కొన్ని గంటలకే ఒళ్లునొప్పులు, చెమటలు, వాంతులు, విరేచనాలతో మనిషిని కూలదోస్తుంది. అలాంటి స్థితిలో ఉన్నవాడిని మధ్యాహ్నం దాకా ఓపీ వరుసలో నిలబడమంటే అతను మధ్యలోనే వెళ్లిపోతాడు, దానికి తోడు ఆ రోజు కూలీ కూడా పోతుంది. అందరూ దీన్ని అతని నిర్లక్ష్యం కింద జమ కట్టేస్తారు. నేను అలా అనుకోను. పరీక్షకూ మందుకూ నడుమ మనం అన్ని తిరుగుళ్లు పెట్టినందువల్లే ఎక్కువమంది జారిపోతున్నారు, ఆ తిరుగుళ్లలో ఏ ఒక్కటి తగ్గించగలిగినా మందు దాకా చేరేవాళ్లు పెరుగుతారు. మీరు చేయగలిగిన పనులు సరిగ్గా ఈ చోటే ఉన్నాయి.

మొదటిది రెండో ట్యూబు. వైరల్ మార్కర్స్ కోసం రక్తం తీస్తున్నప్పుడే, అతని అనుమతి అడిగి, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో కూడా కాస్త రక్తం తీసి ఉంచండి. కార్డు రియాక్టివ్ వస్తే ఆ ట్యూబునే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మా వేరు చేసి, మీ సెంటర్ శాంపిళ్లు పంపే రిఫరెన్స్ ల్యాబ్‌కు ఆర్ఎన్ఏ పరీక్ష కోసం పంపవచ్చు. రక్తాన్ని ఎన్ని గంటల్లో తిప్పాలి, ప్లాస్మాను ఎంత చల్లగా ఉంచాలి అన్నది ఆ ల్యాబ్ ఇచ్చే సూచనల పత్రంలో ఉంటుంది; సాధారణంగా గంటల లెక్కే కాబట్టి సాయంత్రం చూద్దామని ఎండలో బల్ల మీద వదిలేయకూడదు. దీనివల్ల మనిషి రెండోసారి రానక్కరలేదు, రెండోసారి నరం వెతుక్కోనూ అక్కరలేదు. మొదటి శాంపిల్‌తోనే రెండు పరీక్షలూ పూర్తిచేసే ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. ఖర్చు మాట వచ్చినప్పుడు మాత్రం మీ యజమానితోనూ, ఆ కుర్రాడితోనూ ముందే తేల్చుకోండి. చెప్పకుండా పరీక్ష చేసి బిల్లు చేతిలో పెడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది. అతను అంత పెట్టుకోలేకపోతే ఆర్ఎన్ఏ పరీక్ష ఉచితంగా చేసే చోటుకు పంపాలి, ఆ వివరం కిందకు వస్తుంది.

నరం మాట వచ్చింది కాబట్టి ఇంకొక చిన్న సంగతి. ఏళ్ల తరబడి సూదులు పొడుచుకున్న చేతిలో మోచేతి మడత దగ్గర నరాలు తాడులా గట్టిపడి ఉంటాయి, రక్తం రాదు. మూడుసార్లు గుచ్చి, విసుక్కుని, "ఏం చేసుకున్నావు చేతులు?" అని పైకి అనేసే టెక్నీషియన్లను నేను చూశాను. ఆ మాట విన్నవాడు తర్వాతి పరీక్షకు రాడు. అతన్నే అడగండి: "ఏ నరం బాగా దొరుకుతుంది?" తన చేతి నరాల గురించి మనకంటే అతనికే బాగా తెలుసు. సన్నటి సూది, కాస్త వెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ దగ్గర ఉంచుకోండి. కార్డు పరీక్ష ఒక్కటే అయితే, కిట్ అనుమతించే పక్షంలో, వేలిచివర చుక్క రక్తంతోనే సరిపోతుంది. ఆర్ఎన్ఏను కూడా వేలిచివర రక్తంతో సుమారు గంటలో తేల్చే జీన్ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జ్‌లు ఇప్పటికే ఉన్నాయి. క్షయ కోసం జీన్ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ యంత్రాలు మన ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తూనే ఉన్నాయి. అవే యంత్రాలను వారానికి ఒక పూటైనా ఈ పరీక్షకు కేటాయించి, మత్తు వాడేవాళ్లు ఎలాగూ వచ్చే కేంద్రాల దగ్గర పెడితే పరీక్ష, ఫలితం, మందు ఒకే రోజున జరిగిపోతాయి. ఆ పని మీ చేతుల్లో లేదని తెలుసు. చేయగలవాళ్లు కూడా ఈ పేజీ చదువుతుంటారని రాస్తున్నాను.

ఇక రిపోర్టు ఇచ్చే తీరు. కౌంటర్ దగ్గర పదిమంది మధ్య కవరు చేతిలో పెట్టి "డాక్టర్‌కి చూపించుకో" అనడం మానేసి, శాంపిల్ తీసే గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, రెండు నిమిషాలు మాట్లాడండి. రోగ నిర్ధారణ, చికిత్స డాక్టర్ పని, నిజమే. కానీ పరీక్ష అర్థమేమిటో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పడం మీ పరిధిలోదే. "తమ్ముడూ, ఈ వైరస్ నీ ఒంట్లోకి ఒకప్పుడు వచ్చినట్టు ఉంది. ఇప్పుడు ఉందో లేదో ఇంకో పరీక్షతో తెలుస్తుంది. ఉన్నా భయం లేదు, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది, గవర్నమెంటు దవాఖానలో పైసా ఖర్చు లేదు" అన్న ఈ నాలుగు మాటలు చాలు. "నువ్వు మత్తు తీసుకుంటావా?" అని అడగకండి. "ఎప్పుడైనా ఎవరితోనైనా సిరంజి గానీ ఇంజెక్షన్ సీసా గానీ కలిపి వాడారా?" అని అడగండి. ఎందుకంటే, ఆపరేషన్ థియేటర్‌లో బీపీ పడిపోయినప్పుడు ఇచ్చే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్‌ను జిమ్‌లలో కండల కోసమని పొడుచుకుంటున్న కుర్రాళ్ల వార్తలు మన నగరంలోనూ చూస్తున్నాం. వాళ్లు తమను మత్తుకు బానిసలైనవాళ్లుగా అనుకోరు, కాబట్టి మొదటి ప్రశ్నకు లేదనే చెబుతారు. చాలామంది ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు గనుక ఇదే సమాచారాన్ని అరపేజీలో తెలుగులోనూ, ఉర్దూలోనూ అచ్చువేయించి కవరులో పెట్టండి. పేజీ మీద మత్తు అన్న మాట ఉండకూడదు, ఇంట్లో ఎవరైనా తీసి చూస్తారు.

"ముందు మానేసి రా" అన్న ఆ డాక్టర్ మాటకు వస్తాను. మా వృత్తిలోనే ఉన్న మనిషి కాబట్టి మెత్తగా చెప్పాలని ఉంది, కానీ ఆ మాట తప్పు. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వారం వారం, చాలామందికి దాదాపు ఏడాదిపాటు, దిగులు, జ్వరం, రక్తహీనత తెచ్చిపెడుతూ ఇచ్చిన కాలంలో ఆ షరతుకు కొంత కారణం ఉండేది. 2013 చివరలో సోఫోస్బువిర్ అనే మాత్ర వచ్చాక ఆ కాలం పోయింది. ఇప్పుడు సిర్రోసిస్ లేనివారికి మన జాతీయ కార్యక్రమంలో ఇచ్చేది సోఫోస్బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లాటాస్విర్ 60 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి, 12 వారాలు. ఇలాంటి మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. మత్తు ఇంకా వాడుతున్నవాళ్లు మాత్రలు సరిగా వేసుకోరన్న వాదన కూడా పరీక్షకు నిలవలేదు. ఇటీవలి కాలంలో ఇంజెక్షన్ తీసుకున్న 103 మందికి సోఫోస్బువిర్, వెల్‌పటాస్విర్ ఇచ్చి చూసిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2018లో వెలువడింది. వారిలో 94 శాతం మందికి వైరస్ పోయింది. ఆస్ట్రేలియాలో 2016 మార్చి నుంచి, మత్తు వాడుతున్నారా లేదా అన్న షరతు లేకుండా, పెద్దలందరికీ ప్రభుత్వ సాయంతో ఈ మందులు ఇస్తున్నారు, మామూలు ఫ్యామిలీ డాక్టర్లు కూడా రాయవచ్చు. పైగా ఇంకా సిరంజి వాడుతున్నవాడికే ముందుగా వైద్యం చేయాలి, ఎందుకంటే అతనికి నయమైతే అతనితో సిరంజి పంచుకునే నలుగురికీ వైరస్ అందే దారి మూసుకుపోతుంది.

ఈ విషయంలో హైదరాబాద్‌వాళ్లం కాస్త సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. అమెరికాలో సోఫోస్బువిర్ కోర్సు 84,000 డాలర్లు, అంటే మాత్రకు వెయ్యి డాలర్ల చొప్పున అమ్మిన రోజుల్లో, జెనెరిక్ తయారుచేసుకునే లైసెన్సు 2014లో భారత్‌లో మందులు తయారుచేసే ఏడు కంపెనీలు పొందితే వాటిలో మన నగరానికి చెందిన హెటిరో ఒకటి. మరుసటి ఏడాది మన నాట్కో కూడా ఆ లైసెన్సు తీసుకుంది. ఈ ఊళ్లో తయారైన మాత్ర సముద్రాలు దాటి వెళ్లింది. మీ ల్యాబ్‌కు నాలుగు వీధుల అవతల ఉన్న కుర్రాడి దగ్గరకు మాత్రం వెళ్లలేకపోతోంది.

ఎక్కడికి పంపాలన్నది ఇప్పుడు చూద్దాం. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది. దాని కింద హెపటైటిస్ సి పరీక్షలు, మందులు ఉచితం. మీరు చేయవలసినది ఒక్క పూట పని: ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల గ్యాస్ట్రో విభాగాలకు ఖాళీగా ఉన్న రోజున స్వయంగా వెళ్లి, ఈ కార్యక్రమం కింద ఏ గదిలో, ఏ రోజుల్లో చూస్తారు, ఏ కాగితాలు అడుగుతారు, శాంపిల్ ఏ వేళలో తీసుకుంటారు అన్నది కనుక్కుని రాసుకోండి. అక్కడి కౌన్సెలర్‌తో గానీ నర్సుతో గానీ ఒకరితో పరిచయం పెట్టుకోండి. "ఉస్మానియాకు వెళ్లు" అనడానికీ, "ఫలానా రోజు ఫలానా గదిలో ఫలానా సిస్టర్‌ను అడుగు, నేను పంపానని చెప్పు" అనడానికీ మధ్య చాలా తేడా ఉంది. పంజాబ్‌లో 2016లో ఉచిత మందుల పథకం మొదలుపెట్టినప్పుడు అందరినీ ఒక పెద్దాసుపత్రికి రప్పించకుండా జిల్లా ఆసుపత్రుల్లోనే, అక్కడి మామూలు ఫిజీషియన్ల చేతనే వైద్యం చేయించారు. పదుల వేల మంది దాన్ని వాడుకున్నారు. మన బస్తీ దవాఖానాల దాకా ఈ మందు రాకూడదనడానికి వైద్యపరమైన కారణం నాకు కనబడదు.

ఇంజెక్షన్ వాడేవాళ్లకు ఇంకొక దారి కూడా ఉంది, నా దృష్టిలో అదే మేలైనది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో స్వచ్ఛంద సంస్థలు కొత్త సిరంజిలు ఇచ్చి పాతవి తీసుకుంటాయి. నల్లమందు జాతి మత్తుకు అలవాటైనవాళ్లకు ఓఎస్టీ కేంద్రాల్లో, అంటే మత్తుకు బదులుగా వైద్యుల పర్యవేక్షణలో మందు ఇచ్చే చోట, నాలుక కింద పెట్టుకునే బుప్రినార్ఫిన్ మాత్రో, మెథడోనో రోజూ ఇస్తారు. 1097కు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం వివరాలు అడగవచ్చు. మత్తు మానాలనుకునేవారికి 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వైద్యం ఉంది. ఓఎస్టీ మాత్ర కోసం రోజూ కిటికీ దగ్గరకు వచ్చే మనిషికి అదే కిటికీలో హెపటైటిస్ సి మాత్ర కూడా ఇస్తే, మాత్ర మరిచిపోతాడన్న బెంగ ఉండదు. ఈ రెండు మందులకూ పొరపొచ్చం లేదు. ఓఎస్టీ ఒక్కటే కొత్తగా హెపటైటిస్ సి సోకే ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తుందనీ, దానికి కొత్త సిరంజిల సరఫరా తోడైతే సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గుతుందనీ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలో తేలింది. ఆ సంస్థల్లో పనిచేసే పీర్ ఎడ్యుకేటర్లు తామూ ఆ జీవితం చూసి వచ్చినవాళ్లే. అలాంటి ఒకరి నంబరు మీ దగ్గర ఉంటే, కుర్రాడు ఒప్పుకుంటే, మీ గదిలో నుంచే ఫోన్ కలిపి ఇవ్వండి. ఆసుపత్రికి తోడు వెళ్లేది వాళ్లే.

మందు మొదలుపెట్టే ముందు డాక్టర్ చూడవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు మీ ల్యాబ్‌లోనే అయ్యేవి. ఏఎస్టీ అనే కాలేయ ఎంజైమ్, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే చాలు, ఆ రెండింటితో ఏపీఆర్ఐ అనే లెక్క వేసి సిర్రోసిస్ అనుమానం ఉందో లేదో తేల్చవచ్చు. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ కోసం అందరినీ ఆపనక్కరలేదు. సిర్రోసిస్ ఉంటే మందుల కలయిక మారుతుంది. హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే బి కూడా ఉన్నవారికి సి మందులు ఇచ్చినప్పుడు బి ఒక్కసారిగా విజృంభించిన సందర్భాలు ఉన్నాయి. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమజపైన్ వాడుతున్నవారు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. అవి ఈ మాత్రల బలాన్ని తగ్గించేస్తాయి. ఇక పసరు సంగతి. కాలేయం అనగానే మనవాళ్లకు ఊరూ, ఆకుపసరూ, చేతి మీద వాత గుర్తుకొస్తాయి. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, ఇ రకాలు, చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్ సి అలాంటిది కాదు. పసరు కోసం ఊరికి వెళ్లి పోగొట్టుకున్న నెలలు తిరిగి రావు, పైగా కొన్ని ఆకులు కాలేయానికే హాని చేస్తాయి. సారా, బీరు మానితే మంచిదని చెప్పండి, కానీ తాగుతున్నాడని హెపటైటిస్ మాత్రలు ఆపకూడదు.

నయమైనవాడికి మళ్లీ సోకవచ్చు. ఈ వైరస్‌కు టీకా లేదు, ఒకసారి వచ్చి పోయినా రక్షణ మిగలదు. సిరంజి ఒక్కటే కాదు, మత్తుమందు కలిపే మూత, వడగట్టే దూది, నీళ్లు, ఇంజెక్షన్ సీసా, వీటిలో ఏది పంచుకున్నా వైరస్ అందుతుంది. వాడిన సిరంజిలో అది వారాల తరబడి బతికి ఉండగలదు. వాడిన సూదిని సీసాలో మళ్లీ ముంచితే ఆ సీసా మొత్తం కలుషితమైనట్టే. ఈ మాటలు చెప్పడం మత్తును ప్రోత్సహించడం కాదు. ఇంకా వాడుతున్నవాడు ఏడాదికొకసారి ఆర్ఎన్ఏ పరీక్ష చేయించుకోవాలి, కార్డు పరీక్ష అతనికి ఇక పనికిరాదు. మళ్లీ సోకితే మళ్లీ మందు ఇవ్వాలి, అందుకు మొహం చిట్లించుకోవలసిన పని లేదు. ఇంట్లో కంచం, మంచం వేరు చేయనక్కరలేదు, తినడం వల్లా తాకడం వల్లా ఇది రాదు. గడ్డం బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్లు తీసుకునేది మాత్రం ఎవరివి వారికి ఉండాలి.

ఆ తల్లి విషయం కష్టమైనదే. కొడుకు పద్దెనిమిదేళ్లు నిండినవాడైతే రిపోర్టు అతనిదే, అతను చెప్పమంటే తప్ప మీరు చెప్పకూడదు. అలాగని ఆమెను ఉత్త చేతులతో పంపకండి. "రిపోర్టు ఆయనకే ఇవ్వాలమ్మా, ఆయన్ని తీసుకురండి, ఇద్దరికీ కలిపి చెబుతాను" అనండి. తర్వాత కుర్రాడిని అడగండి, ఇంట్లో ఎవరికైనా చెప్పుకుంటావా అని. మాత్రలు దాచిపెట్టి రోజూ గుర్తుచేసే మనిషి ఇంట్లో ఒకరుంటే మూడు నెలలు సులువుగా గడుస్తాయి, చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లే అవుతుంది.

మీ యజమానికి ఇలా చెప్పండి. వ్యాధి లెక్కల కోసం ఆరోగ్యశాఖ అడిగే సమాచారం వేరు, పోలీసులకు ఇవ్వడం వేరు. ఎవరో మత్తు వాడుతున్నారన్న అనుమానాన్ని పోలీసులకు చేరవేయవలసిన బాధ్యతను చట్టం ల్యాబ్ మీద పెట్టలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే (ఎన్‌డీపీఎస్) తన 64ఎ సెక్షన్‌లో, వాడకం నేరానికో, కొద్ది మొత్తం దగ్గర ఉన్న నేరానికో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో మాన్పించే చికిత్సకు చేరి దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చింది. మత్తు దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా చెప్పింది. ఒక్క కుర్రాడి పేరు మీ ల్యాబ్ నుంచి స్టేషన్‌కు వెళ్లిందన్న మాట బస్తీలో పొక్కితే, ఆ తర్వాత చేతి మీద మచ్చ ఉన్నవాడెవడూ మీ గడప తొక్కడు. అది వ్యాపారానికీ మంచిది కాదని ఆయనకు వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇక మీ చేతి సంగతి. వైరస్ ఉన్నవారి రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ సి సోకే అవకాశం, ఇటీవలి లెక్కల ప్రకారం, వెయ్యికి రెండు. భయపడినంత ఎక్కువ కాదు, అజాగ్రత్తగా ఉండేంత తక్కువా కాదు. సూదికి మూత తిరిగి పెట్టకండి, వాడిన వెంటనే గుచ్చుకోని డబ్బాలో వేయండి. గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడగండి, పిండకండి. ముందుజాగ్రత్తగా వేసుకునే మందు హెపటైటిస్ సికి లేదు. 48 గంటల్లోపు మీ రక్తం ఒకసారి పరీక్షించి, మూడు నుంచి ఆరు వారాల మధ్య ఆర్ఎన్ఏ, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి, సోకితే ఆ మూడు నెలల మాత్రలే మీకూ. హెచ్ఐవీ విషయంలో మాత్రం ముందుజాగ్రత్త మందు ఉంది, దాన్ని వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి కాబట్టి అదే పూట ఆసుపత్రికి వెళ్లండి. సూదితో సి కంటే చాలా సులువుగా సోకేది హెపటైటిస్ బి, దానికి టీకా ఉంది. మూడు డోసులూ వేసుకున్నారో లేదో మీరు ఉత్తరంలో రాయలేదు. వేసుకోకపోతే ఈ వారమే మొదలుపెట్టండి, మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ టైటర్ (రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష) చూపించుకోండి, ఆ ఖర్చు భరించమని యజమానిని అడగండి.